వేదికపై కూర్చున్న న్యాయమూర్తి ఏ దారిలో వచ్చారు? న్యాయ సదస్సుల పరిచయ వాక్యాలు చదవడానికి ఒక కరదీపిక

ఏప్రిల్ 14, నవంబర్ 26 దగ్గర పడితే మన జిల్లాల్లో న్యాయ సదస్సులు మొదలవుతాయి. కరపత్రం మీద నలుగురైదుగురు వక్తల పేర్లు, ఒక్కో పేరు కింద రెండు మూడు వాక్యాల పరిచయం ఉంటాయి. హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి, సీనియర్ అడ్వకేట్, మాజీ ప్రభుత్వ ప్లీడర్, ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటర్ అని రాసి ఉంటుంది. అవి చదివేటప్పుడు సభలో ఎవరూ పెద్దగా వినరు. శాలువా కప్పడానికి ముందు జరిగే లాంఛనంగానే చూస్తారు.

కానీ ఆ రెండు వాక్యాల్లో చాలా సమాచారం ఉంది. ఆ వ్యక్తి ఏ దారిలో ఆ కుర్చీ దాకా వచ్చారు, ఆ దారి మన పిల్లలకు ఎంతవరకు తెరిచి ఉంది అన్నది అందులోంచే తెలుస్తుంది. న్యాయవ్యవస్థలో ప్రాతినిధ్యం గురించి మాట్లాడే కార్యకర్తలు, లా చదువుతున్న విద్యార్థులు ఈ పదాలను విడివిడిగా అర్థం చేసుకోవాలని మేం అనుకుంటున్నాం. అందుకోసం సుప్రీంకోర్టుకు చేరిన దళిత న్యాయమూర్తుల వృత్తి జీవితాలను, తెలుగు నేలపై దళిత కేసులు వాదించిన కొందరు న్యాయవాదుల జీవితాలను ఉదాహరణలుగా తీసుకున్నాం. ఇక్కడ చెప్పే వివరాలన్నీ బహిరంగ రికార్డులో ఉన్నవే.

రెండు తలుపులు: సర్వీసు, బార్

న్యాయమూర్తి కావడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి జ్యుడీషియల్ సర్వీసు. పోటీ పరీక్ష రాసి జూనియర్ సివిల్ జడ్జిగా చేరి, సీనియర్ సివిల్ జడ్జి, జిల్లా జడ్జి అయి, చివరికి హైకోర్టుకు వెళ్లడం. రెండోది బార్. న్యాయవాదిగా ప్రాక్టీసు చేస్తూ నేరుగా హైకోర్టు న్యాయమూర్తి కావడం. రాజ్యాంగం 217వ అధికరణ ప్రకారం హైకోర్టు జడ్జి కావాలంటే పదేళ్లు న్యాయాధికారిగా పనిచేసి ఉండాలి, లేదా పదేళ్లు హైకోర్టు న్యాయవాదిగా ఉండాలి. ఆనవాయితీగా హైకోర్టు పోస్టుల్లో మూడింట రెండు వంతులు బార్ నుంచి, ఒక వంతు సర్వీసు నుంచి నింపుతారు. వీటికి మధ్యలో ఇంకో దారి కూడా ఉంది. 233వ అధికరణ కింద ఏడేళ్లు ప్రాక్టీసు చేసిన న్యాయవాది పరీక్ష రాసి నేరుగా జిల్లా జడ్జి కావచ్చు.

ఈ తేడా మనకు ఎందుకు ముఖ్యం? చాలా రాష్ట్రాల్లో కింది న్యాయవ్యవస్థలో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ ఉంది. హైకోర్టు, సుప్రీంకోర్టు నియామకాలకు సంబంధించిన 124, 217, 224 అధికరణల్లో ఏ కులానికీ, ఏ వర్గానికీ రిజర్వేషన్ లేదు. అంటే రిజర్వేషన్ జిల్లా కోర్టు మెట్ల దగ్గరే ఆగిపోతుంది. ఆ పైన ఎవరు వెళ్లాలో కొలీజియం సిఫార్సు, ప్రభుత్వ ఆమోదం కలిసి నిర్ణయిస్తాయి.

సుప్రీంకోర్టుకు వెళ్లిన తొలి దళిత న్యాయమూర్తి ఎ. వరదరాజన్ సర్వీసు దారిలో వచ్చారు. తమిళనాడులో జిల్లా మున్సిఫ్‌గా మొదలై, జిల్లా జడ్జి అయి, 1973లో మద్రాసు హైకోర్టుకు, 1980 డిసెంబరులో సుప్రీంకోర్టుకు చేరారు. కె.జి. బాలకృష్ణన్‌ది రెండు దారులూ చూసిన జీవితం. 1968లో కేరళలో న్యాయవాదిగా నమోదయ్యారు. 1973లో మున్సిఫ్‌గా ఎంపికైనా, తర్వాత ఆ ఉద్యోగం వదిలి మళ్లీ ప్రాక్టీసుకు వచ్చారు. 1985లో బార్ నుంచే హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. చివరికి 2007 జనవరిలో దేశ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆ పదవికి చేరిన తొలి దళితుడు ఆయనే.

విద్యార్థులు గమనించాల్సిన కొత్త మార్పు ఒకటుంది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు మళ్లీ నిబంధన పెట్టింది. అంతకుముందు డిగ్రీ చేతికి రాగానే పరీక్ష రాసే వీలుండేది. ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోలేని పిల్లలకు ఆ మూడేళ్లు గడపడమే పెద్ద పరీక్ష. జూనియర్ లాయర్‌కు సీనియర్ ఇచ్చే డబ్బు చాలాచోట్ల గది అద్దెకు కూడా సరిపోదు.

ఎవరి చాంబర్లో జూనియర్?

పరిచయాల్లో తరచుగా "ఫలానా సంవత్సరంలో ఎన్‌రోల్ అయ్యారు, ఫలానా సీనియర్ దగ్గర పనిచేశారు" అని ఉంటుంది. న్యాయవాద వృత్తిలో మొదటి పదేళ్లు పని ఎవరిస్తారన్నదే అన్నిటికన్నా కీలకం. పెద్ద చాంబర్లో చేరితే ఫైళ్లు చేతికొస్తాయి, జడ్జీల ముందు నిలబడే అవకాశం వస్తుంది, పేరు పదిమందికి తెలుస్తుంది. ఆ చాంబర్లలోకి ప్రవేశం ఎక్కువగా పరిచయాల మీద, బంధుత్వాల మీద నడుస్తుంది. ప్రకటన ఉండదు, ఇంటర్వ్యూ ఉండదు.

ఇది కొత్త సమస్య కాదు. డాక్టర్ అంబేడ్కర్ లండన్ గ్రేస్ ఇన్ నుంచి బారిస్టర్ అయి 1923లో బొంబాయి హైకోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టారు. ఆ రోజుల్లో కక్షిదారు నేరుగా బారిస్టర్ దగ్గరికి వచ్చేవాడు కాదు, సొలిసిటర్ ద్వారా కేసు అందాలి. అంటరాని కులం బారిస్టర్‌కు కేసులివ్వడానికి సొలిసిటర్లు ముందుకు రాలేదు. ఆయన దగ్గరున్న డిగ్రీలు ఆ బార్‌లో చాలామంది దగ్గర లేవు. అయినా పని పుట్టడానికి డిగ్రీ ఒక్కటే చాలలేదు.

కుటుంబ నేపథ్యం కూడా ఇక్కడే చూడాలి. బాలకృష్ణన్ తండ్రి వైకోం మున్సిఫ్ కోర్టులో గుమస్తా. 2021లో సుప్రీంకోర్టుకు వెళ్లిన సి.టి. రవికుమార్ తండ్రి చంగనాశ్శేరి మేజిస్ట్రేట్ కోర్టులో బెంచ్ క్లర్కు. బి.ఆర్. గవాయ్ తండ్రి ఆర్.ఎస్. గవాయ్ రిపబ్లికన్ పార్టీ నాయకుడు, తర్వాత గవర్నర్‌గా పనిచేశారు. 2024 జనవరిలో సుప్రీంకోర్టుకు వచ్చిన పి.బి. వరాళే తాత అంబేడ్కర్ సహచరుడు. ఈ నలుగురి ఇళ్లలోనూ కోర్టుతోనో, ఉద్యమంతోనో ఒక తరం ముందే సంబంధం ఏర్పడింది. మొదటి తరం లాయర్‌కు, అంటే ఇంట్లో కోర్టు గుమ్మం ఎక్కినవాళ్లు ఎవరూ లేని పిల్లకూ పిల్లాడికీ, ఆ సంబంధం ఎవరు కల్పించాలి అన్నది మన సంఘాలు వేసుకోవాల్సిన ప్రశ్న.

"మాజీ ప్రభుత్వ ప్లీడర్" అన్న మాట

పరిచయాల్లో అందరూ దాటేసే మాట ఇదే. మా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే.

గవాయ్ వృత్తి జీవితం చూడండి. 1985లో ప్రాక్టీసు మొదలుపెట్టారు. నాగపూర్, అమరావతి నగరపాలక సంస్థలకు, అమరావతి విశ్వవిద్యాలయానికి స్టాండింగ్ కౌన్సిల్‌గా ఉన్నారు. 1992-93లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచ్‌లో సహాయ ప్రభుత్వ ప్లీడర్, 2000లో ప్రభుత్వ ప్లీడర్. 2003 నవంబరులో హైకోర్టు అదనపు న్యాయమూర్తి. వరాళే 1985లో ఎన్‌రోల్ అయ్యారు. ఔరంగాబాద్‌లోని అంబేడ్కర్ లా కాలేజీలో పాఠాలు చెప్పారు. ఔరంగాబాద్ బెంచ్‌లో సహాయ ప్రభుత్వ ప్లీడర్‌గా, కేంద్ర ప్రభుత్వ న్యాయవాదిగా పనిచేసి 2008లో హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. రవికుమార్ కూడా కేరళలో ప్రభుత్వ ప్లీడర్‌గా చేసి 2009లో హైకోర్టుకు వెళ్లారు.

ముగ్గురిదీ ఒకటే వరుస. ప్రైవేటు కక్షిదారులు, కంపెనీలు, భూస్వాములు కేసులు ఇవ్వని చోట ప్రభుత్వం ఇచ్చింది. ప్రభుత్వ ప్లీడర్‌కు రోజూ కోర్టులో నిలబడే పని ఉంటుంది. ఆయన వాదించిన కేసులు లా రిపోర్టుల్లోకి ఎక్కుతాయి. జడ్జీలు ఆయన పనితీరును దగ్గరగా చూస్తారు. హైకోర్టుకు పేర్లు సిఫార్సు చేసేటప్పుడు న్యాయవాది వృత్తి ఆదాయాన్ని, వాదించిన రిపోర్టెడ్ కేసులను లెక్కలోకి తీసుకున్నట్టు కొలీజియం తీర్మానాల్లోనే కనిపిస్తుంది. దళిత లాయర్‌కు ఆ రెండూ సమకూరే చోటు ఎక్కువగా ప్రభుత్వ న్యాయవాది కార్యాలయమే.

అందువల్ల "హైకోర్టులో దళిత జడ్జీలు ఎంతమంది" అన్న ప్రశ్నకు ముందే "ప్రభుత్వ ప్లీడర్లు, స్టాండింగ్ కౌన్సిళ్లలో దళితులు ఎంతమంది" అన్న ప్రశ్న వస్తుంది. మున్సిపాలిటీలు, విశ్వవిద్యాలయాలు, విద్యుత్ సంస్థలు, ప్రభుత్వ బ్యాంకులు, అన్నింటికీ న్యాయవాదుల ప్యానెళ్లు ఉంటాయి. ఆ నియామకాలకు రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, కొలీజియం అక్కర్లేదు. రాష్ట్ర ప్రభుత్వం తలుచుకుంటే చాలు. పంజాబ్ 2025లో అడ్వకేట్ జనరల్ కార్యాలయంలో ఎస్సీ న్యాయవాదుల నియామకం కోసం ఆదాయ అర్హతను సడలించింది. ఆదాయం తక్కువ కాబట్టి పోస్టు ఇవ్వం, పోస్టు లేదు కాబట్టి ఆదాయం పెరగదు అనే చుట్టును తెంచే ప్రయత్నమది. తెలుగు రాష్ట్రాల్లోనూ ఇదే అడగవచ్చు.

ఏ వయసులో హైకోర్టుకు వెళ్లారు?

పరిచయ పత్రంలో పుట్టిన సంవత్సరం, హైకోర్టులో చేరిన సంవత్సరం ఉంటే ఒక తీసివేత చేయండి. హైకోర్టు జడ్జి 62 ఏళ్లకు, సుప్రీంకోర్టు జడ్జి 65 ఏళ్లకు రిటైర్ అవుతారు. సుప్రీంకోర్టుకు తీసుకునేటప్పుడు హైకోర్టులో సీనియారిటీ ముఖ్యం. దేశ ప్రధాన న్యాయమూర్తి ఎవరన్నది సుప్రీంకోర్టులో సీనియారిటీ తేలుస్తుంది. కాబట్టి హైకోర్టులోకి ఏ వయసులో అడుగుపెట్టారన్నదే చాలావరకు మిగతా దారినంతా నిర్ణయిస్తుంది.

బాలకృష్ణన్ 40 ఏళ్లకు హైకోర్టు జడ్జి అయ్యారు. 55 ఏళ్లకు సుప్రీంకోర్టుకు వచ్చారు. అందుకే ప్రధాన న్యాయమూర్తిగా మూడేళ్లకు పైగా ఉండగలిగారు. గవాయ్ 42 ఏళ్లకు హైకోర్టుకు వెళ్లినా సుప్రీంకోర్టుకు వచ్చేసరికి 58 నిండాయి. ప్రధాన న్యాయమూర్తిగా ఆయనకు దక్కింది 2025 మే 14 నుంచి నవంబరు 23 వరకు, ఆరు నెలల కాలం. వరదరాజన్ సర్వీసు మెట్లన్నీ ఎక్కి 52 ఏళ్లకు హైకోర్టు, 60 ఏళ్లకు సుప్రీంకోర్టు చేరారు. ఐదేళ్లు నిండకుండానే రిటైర్ అయ్యారు. సర్వీసు దారిలో వచ్చేవారికి పైన గడిపే కాలం చాలా తక్కువ. రిజర్వేషన్ ఉన్న దారి నిదానంగా సాగుతుంది, లేని దారి త్వరగా పైకి తీసుకుపోతుంది.

పరిచయంలో కనిపించే మరికొన్ని పదాలు

"అదనపు న్యాయమూర్తి" అంటే 224వ అధికరణ కింద గరిష్ఠంగా రెండేళ్లకు నియమితులైనవారు. ఆ తర్వాత "శాశ్వత న్యాయమూర్తి"గా ధ్రువీకరణ వస్తుంది. గవాయ్ 2003లో అదనపు జడ్జి, 2005లో శాశ్వత జడ్జి.

"సీనియర్ అడ్వకేట్" అంటే వయసులో పెద్ద లాయర్ అని కాదు. 1961 అడ్వకేట్ల చట్టం 16వ సెక్షన్ కింద సుప్రీంకోర్టు లేదా హైకోర్టు ఇచ్చే హోదా అది. దీనికి 2017లో మార్కుల పద్ధతి వచ్చింది. 2025 మేలో సుప్రీంకోర్టు ఆ మార్కుల పద్ధతిని పక్కనపెట్టింది. ఇరవై, ముప్పయ్యేళ్లుగా జిల్లా కోర్టులో అత్యాచార నిరోధక చట్టం కేసులు నడిపిన లాయర్‌కు ఈ హోదా లేకపోవచ్చు. హోదా లేదని ఆ అనుభవం తక్కువ కాదు.

"కమిషన్ చైర్మన్" అనేది ఎక్కువగా రిటైర్ అయ్యాక వచ్చే పని. మన సభల్లో ఈ మాట తరచుగా వినిపిస్తుంది. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన జస్టిస్ కె. పున్నయ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అంటరానితనం, అత్యాచారాలపై ఏకసభ్య కమిషన్‌గా పనిచేశారు. ఎస్సీ వర్గీకరణపై 1990లలో జస్టిస్ రామచంద్రరాజు, ఇటీవల తెలంగాణలో జస్టిస్ షమీమ్ అఖ్తర్ కమిషన్లు పనిచేశాయి. మతం మారిన దళితులకు ఎస్సీ హోదా అంశాన్ని పరిశీలించేందుకు కేంద్రం 2022లో వేసిన కమిషన్‌కు కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షులు.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

2018 నుంచి హైకోర్టు జడ్జీలుగా సిఫార్సయ్యేవారు తమ సామాజిక నేపథ్యాన్ని తెలపాలి. ఆ సమాచారం ఆధారంగా 2023 జూలైలో కేంద్ర న్యాయశాఖ పార్లమెంటుకు చెప్పిన లెక్క ఇది. 2018 తర్వాత నియమితులైన 604 మంది హైకోర్టు జడ్జీల్లో జనరల్ 458 మంది, ఓబీసీలు 72, మైనారిటీలు 34, ఎస్సీలు 18, ఎస్టీలు 9. మరో 13 మంది వివరాలు లేవు. 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో ఎస్సీలు 16.6 శాతం. ఈ జడ్జీల్లో వారి వాటా 3 శాతం.

సుప్రీంకోర్టులో వరదరాజన్ తర్వాత బి.సి. రే 1985 నుంచి 1991 వరకు, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన కె. రామస్వామి 1989 నుంచి 1997 వరకు ఉన్నారు. రామస్వామి రిటైరయ్యాక బాలకృష్ణన్ వచ్చేవరకు దాదాపు మూడేళ్లు ఒక్క దళిత జడ్జీ లేరు. 2010 మేలో బాలకృష్ణన్ వెళ్లిపోయాక 2019 మేలో గవాయ్ వచ్చేవరకు తొమ్మిదేళ్లు మళ్లీ ఖాళీ. 2024లో గవాయ్, రవికుమార్, వరాళే ముగ్గురూ ఒకేసారి ఉన్నారు. ఇప్పటివరకు ఒక్క దళిత మహిళ కూడా సుప్రీంకోర్టు న్యాయమూర్తి కాలేదు.

నేపథ్యం తీర్పు రాస్తుందా?

రాయదు. నేపథ్యం తెలుసుకోవడం వేరు, నేపథ్యం చూసి తీర్పును ముందే ఊహించడం వేరు. జస్టిస్ రామస్వామి 1997 జూలైలో, రిటైర్ అయ్యే రోజుల్లో, సమత కేసులో మెజారిటీ తీర్పు రాశారు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవని ఆ తీర్పు తేల్చింది. విశాఖ మన్యం ఆదివాసుల పోరాటానికి అది ఇప్పటికీ ఆధారం.

ఎస్సీ వర్గీకరణకు ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టాన్ని 2004లో ఇ.వి. చిన్నయ్య కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం కొట్టేసింది. 2024 ఆగస్టు 1న దవీందర్ సింగ్ కేసులో ఏడుగురు జడ్జీల ధర్మాసనం 6-1 మెజారిటీతో ఆ తీర్పును తోసిపుచ్చి, రాష్ట్రాలు వర్గీకరణ చేయవచ్చని చెప్పింది. ఆ ధర్మాసనంలో ఉన్న గవాయ్ ఎస్సీ, ఎస్టీల్లోనూ క్రీమీలేయర్‌ను గుర్తించే విధానం ఉండాలని తన తీర్పులో రాశారు. దళిత సంఘాల్లో కొన్ని వర్గీకరణను ఆహ్వానించాయి, కొన్ని వ్యతిరేకించాయి. క్రీమీలేయర్ మాటపై విమర్శ బలంగానే వచ్చింది. దళిత జడ్జి అయినంత మాత్రాన దళితులందరి మాట ఒకటే అయి ఆయన నోట రాదు. ఆ కుర్చీలో మన మనుషులు ఉండాలని అడగడానికి కారణం వారు మనకు అనుకూలంగా తీర్పు చెబుతారని కాదు. అందరి కోర్టులో అందరూ కూర్చునే హక్కు ఉండాలని.

బెంచ్‌కు వెళ్లని న్యాయవాదులు

పరిచయాల్లో పెద్ద పదవులు లేని లాయర్లను తక్కువ చేసి చూసే అలవాటు మన సభల్లోనూ ఉంది. బొజ్జా తారకం (1939-2016) జీవితం దానికి జవాబు. హైకోర్టులో ప్రభుత్వ ప్లీడర్‌గా ఉన్న తారకం 1985 జూలైలో కారంచేడు మారణకాండ తర్వాత ఆ పదవికి రాజీనామా చేశారు. పైన మేం చెప్పిన ఆ ఇరుకు తలుపును తన చేత్తో తానే మూసుకుని ఉద్యమంలోకి వచ్చారన్నమాట. కారంచేడు, చుండూరు బాధితుల తరఫున నిలబడ్డారు. పోలీసులు పట్టుకుంటే ఏం చేయాలో మామూలు మనిషికి అర్థమయ్యేలా పుస్తకం రాశారు. కె. బాలగోపాల్ (1952-2009) కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించినవారు. పౌరహక్కుల పనిలో చాలా ఏళ్లు గడిపాక లాయర్ అయ్యారు. ఆయన ఎన్‌రోల్‌మెంట్ సంవత్సరం మాత్రమే చూస్తే ఆయన అనుభవం కనిపించదు.

ఇది గౌరవానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, కేసుకు సంబంధించినది కూడా. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 15వ సెక్షన్ ప్రకారం ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు కనీసం ఏడేళ్ల ప్రాక్టీసు ఉండాలి. 1995 నిబంధనల్లో 4వ నిబంధన ఇంకొంచెం ముందుకెళ్తుంది. బాధితులు కోరితే జిల్లా మేజిస్ట్రేట్ పేరున్న సీనియర్ న్యాయవాదిని ఫీజు ఇచ్చి నియమించవచ్చు. ప్రత్యేక ప్రాసిక్యూటర్ల పనితీరును ఏటా జనవరి, జూలై నెలల్లో సమీక్షించాలి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపిన చుండూరు కేసులో ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు ఏర్పడింది. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. కింది కోర్టులో గెలిచిన కేసును పై కోర్టులో నిలబెట్టడానికి ఎలాంటి న్యాయవాది కావాలో ఆ కేసు మనకు చెబుతుంది. లాయర్ నేపథ్యం అడిగి తెలుసుకోవడం బాధితుల హక్కు.

సదస్సు నిర్వహించేవారికి

వచ్చేసారి కరపత్రం వేసేటప్పుడు వక్త పేరు కింద బిరుదులు తగ్గించి ఈ వివరాలు రాయమని కోరుతున్నాం: ఎన్‌రోల్ అయిన సంవత్సరం, సర్వీసు నుంచి వచ్చారా, బార్ నుంచా, ప్రభుత్వ న్యాయవాదిగా, స్టాండింగ్ కౌన్సిల్‌గా పనిచేశారా, ఏ సంస్థకు, హైకోర్టు జడ్జి అయితే ఏ సంవత్సరంలో, అత్యాచార నిరోధక చట్టం కేసులు నడిపారా, ఏ జిల్లాల్లో. వేదిక మీద దళిత మహిళా న్యాయవాది ఒక్కరైనా ఉన్నారో లేదో ముందే చూసుకోండి.

విద్యార్థులకు ఒక పని. మీ జిల్లాలో ప్రస్తుతం ఉన్న ప్రభుత్వ ప్లీడర్లు, సహాయ ప్రభుత్వ ప్లీడర్లు, ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటర్లు ఎంతమంది, వారిలో ఎస్సీ, ఎస్టీలు ఎంతమంది అని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మీ విశ్వవిద్యాలయం స్టాండింగ్ కౌన్సిల్ ఎవరో, ఏ పద్ధతిలో నియమించారో అడగండి. ఇరవై ఏళ్ల తర్వాత హైకోర్టు బెంచ్ మీద ఎవరుంటారన్నది ఇవాళ ఈ చిన్న నియామకాల్లోనే తేలుతోంది.